ఎడమ పేజీలో వస్తున్నా

జూన్ 4

కామాకి,

నిన్ను ఈ పేరుతో పిలిచే మనిషి లేడు కాబట్టి ఇక ఆ పని కూడా నా మీదే పడింది. ఎక్కడ ఆగాలో తెలియకుండా మాట్లాడతావని మీ అన్నయ్య పెట్టిన పేరు. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అలా పిలవలేదు. ఇప్పుడు పిలిస్తే ఇంట్లో ఆ మాట ఇంకా తిరుగుతున్నట్టుంది.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానని తిట్టుకోకు. ఆయన పోయిన ఈ నెలరోజుల్లో మనిద్దరం ఫోనులో ఏడవడం తప్ప మాట్లాడుకున్నదేమీ లేదు. కాగితం మీదైతే ఒక మాట తర్వాత ఇంకో మాట వస్తుంది. పైగా నీకు పంపాల్సిన కాగితాలున్నాయి.

తేనెటీగలు పెంచే రైతుల సంఘం వాళ్లు వచ్చి వెళ్లారు. ఆయన మధ్యలో వదిలేసిన పుస్తకం సంగతి అడగడానికి మొహమాటపడి, తేనె బాగా తినమని చెప్పి, చివరికి గుమ్మం దగ్గర అడిగారు. ఎడమ పేజీలో మన భాష, కుడి పేజీలో పొరుగు భాష ఉండే పుస్తకం అది. అచ్చుకి పేజీలు కూర్చడం చాలావరకు అయిపోయిందని ఆయన చెప్పారట. మిగతాది మా ఆడపడుచు చేస్తుంది, ఆ అమ్మాయి పని నేర్చుకున్నది ఆయన పనిచేసే గదిలోనే అని మాట ఇచ్చేశాను. కాలికి కట్టుతో కూర్చున్నావు, చేతులు ఖాళీయేగా.

ఆయన నేర్పినట్టే యంత్రం ఆన్ చేసి పుస్తకం ప్రింటు తీశాను. ఆయన పోయాక ఆ గదిలోకి వెళ్లడం అదే మొదటిసారి. కాగితాలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే చూస్తూ నిలబడ్డాను. "అధ్యాయం 1" అని ఉండాల్సిన చోట ఏముందో తెలుసా? "వస్తున్నా 1." తర్వాత "వస్తున్నా 2: రాణి ఈగను గుర్తుపట్టడం." విషయసూచికలో అయితే పై నుంచి కిందిదాకా వస్తున్నా, వస్తున్నా, వస్తున్నా అని బారుగా ఉంది. నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ఆయన కుర్చీలోనే.

ఒక ప్రతి నీకు పంపుతున్నాను, పెన్ డ్రైవ్ కూడా ఇందులోనే పెట్టాను. ఇదేమిటో చెప్పు.

మీ వదిన

* * *

జూన్ 9

వదినకి,

కట్టుకాలు స్టూలు మీద పెట్టుకుని, ఒళ్లో పలక పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే కాలిని తిట్టు. మా ప్రెస్సు యజమాని ఇంటికే పని పంపిస్తున్నాడు. మెట్ల మీద జారింది ప్రెస్సులోనే కదా, ఆ మాత్రం భయం ఉండాలి.

కామా అని నువ్వు రాసినదాన్ని రెండుసార్లు చదువుకున్నాను. అలాగే పిలువు.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు చాలా చిన్నది, భయపడాల్సిందేమీ లేదు. పుస్తకం కూర్చేటప్పుడు అధ్యాయం అనే మాటని మేం ఎక్కడా టైపు చెయ్యం. ఇక్కడ కొత్త అధ్యాయం మొదలవుతుంది అని యంత్రానికి చెబుతాం, అంతే. మాటా, అంకె అదే వేసుకుంటుంది. తెలుగైతే అధ్యాయం, విషయసూచిక, పటం అని వేస్తుంది. వేరే భాషైతే ఆ భాష మాటలు వేస్తుంది. ఆ మాటలు నచ్చకపోతే మనకి కావలసినవి పెట్టుకోవచ్చు. గది అని పెడితే గది 1, గది 2 అని వస్తాయి.

అన్నయ్యకి ఒక అలవాటు ఉండేది. పని పూర్తికాని పుస్తకంలో ఆ మాటల్ని సరిగ్గా ఉండనిచ్చేవాడు కాదు. అన్నీ సరిగ్గా కనిపిస్తే ఎవరో ఒకరు తొందరపడి అచ్చుకి పంపేస్తారని, కావాలనే ఏదో ఒక అడ్డదిడ్డం మాట పెట్టేవాడు. అంతా అయ్యాక ఆఖర్న మార్చేవాడు. ఒకసారి చట్టాల పుస్తకానికి "అయ్యో 1, అయ్యో 2" అని పెట్టాడు. ప్లీడరుగారు పొరపాటున ఆ కాగితాలు చూసి మంచినీళ్లు అడిగారు. ఇంకోసారి కాఫీ 1, కాఫీ 2. నోటికి ఏది వస్తే అది. ఇది కూడా అంతే వదినా. భోజనానికి పిలిస్తే ఆ గదిలోంచి ఏ మాట వచ్చేదో నాకు తెలియదా?

మొదటి పేజీలోనే మాట మార్చేసి ఫైలు పంపుతున్నాను. ఆ పొరుగు భాష అక్షరాలు నా దగ్గర లేవు, అవి అన్నయ్య యంత్రంలోనే ఉన్నాయి. అందుకని ప్రింటు నువ్వే తియ్యాలి. తీసి, రెండు వీధుల అవతల ఉంటారే, ఆ భాష తప్పులు దిద్దే పంతులమ్మగారు, ఆవిడకి ఇచ్చెయ్. కుడి పేజీల్లో నేను వేలు పెట్టలేదు. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు.

నువ్వు తింటున్నావా?

నీ కామా

* * *

జూన్ 15

కామాకి,

ఇల్లలకగానే పండగ కాదని మా అమ్మ అనేది. నీ ఫైలు ప్రింటు తీశాను. మొదట "అధ్యాయం 1" అని బుద్ధిగా వచ్చింది. కుడి పేజీలో ఆ భాష వాళ్లది వచ్చింది, పైన ఏదో రెండు మాటలు, ఈగ కాళ్లలాంటి అక్షరాలు. పేజీ తిప్పాను. "వస్తున్నా 2." ఆ తర్వాత ఆఖరి దాకా అదే. నువ్వు మార్చానన్నావు. మారలేదు. ఆయన ఒప్పుకోలేదు.

నవ్వుతున్నావని తెలుసు. ఇది కూడా విను, ఇంతవరకు నీకు చెప్పలేదు.

నేను పిలిస్తే ఆయన జవాబు ఎప్పుడూ రెండు ముక్కలు. "వస్తున్నా. నువ్వు తినెయ్." మొదటి ముక్క గట్టిగా, రెండోది మళ్లీ పనిలో పడిపోతూ. నేను ఒక్కనాడూ తినలేదనుకో. ఆ రెండో ముక్కను లెక్కచెయ్యకపోవడం నా పట్టుదల. గిన్నెలు మూతలు పెట్టుకుని కూర్చునేదాన్ని, చల్లారాక ఆయన వచ్చేవారు, ఎందుకు కూర్చున్నావని కసిరేవారు. మా సంసారం అదే.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం కూడా అలాగే పిలిచాను. "వస్తున్నా" అన్నారు. నా చెవులతో విన్నాను. రెండో ముక్క అనలేదు. ఏదో తొందర పనిలో ఉన్నారనుకుని ఎప్పటిలాగే కూర్చున్నాను. చాలాసేపటికి వెళ్లి చూశాను. తర్వాత డాక్టరు వచ్చి, ఈయన పోయి అప్పటికే చాలాసేపయింది, మీరు పిలిచేసరికే లేరు అన్నాడు. ఆయన పలికారని నేనంటే అందరూ తలలూపారు. ఆ ఊపడం ఎలాంటిదో నాకు తెలుసు.

మరి నాకు జవాబు చెప్పిందెవరు? చెప్పాక రావాలి కదా. మాట ఇచ్చి ఎగ్గొట్టే మనిషి కాదు. అందుకని రోజూ రెండు కంచాలు పెడుతున్నాను, వస్తారని కూర్చుంటున్నాను. ఆ గదిలో కుర్చీ అప్పుడప్పుడు కిర్రుమంటుంది. ప్రింటరు ఎవరూ ముట్టకుండా మూలుగుతుంది.

ఈ కాగితాలు పంతులమ్మగారికి ఇవ్వలేదు. ఇవ్వబుద్ధి కాలేదు.

మీ వదిన

* * *

జూన్ 20

వదినకి,

నీ ఉత్తరం చదివి నాకు భయం వేసింది. దెయ్యం భయం కాదు, నీ భయం.

ముందు నా తప్పు చెబుతాను. మాట మారకపోవడం అన్నయ్య మొండితనం కాదు, నా తెలివితక్కువతనం. యంత్రం దగ్గర ఒక్కో భాషకి ఒక్కో డబ్బా ఉంటుందనుకో. అధ్యాయాన్ని ఏమనాలి, సూచికని ఏమనాలి అన్నీ ఆ డబ్బాలో ఉంటాయి. పుస్తకంలో భాష మారినప్పుడల్లా యంత్రం ఆ డబ్బా మూత తీసి మాటలన్నీ మళ్లీ కొత్తగా తెచ్చుకుంటుంది. అన్నయ్య తన మాటని తెలుగు డబ్బాలో వేశాడు. నేను నా మాటని పుస్తకం మొదట్లో రాశాను. అది మొదటి అధ్యాయం వరకే చెల్లింది. కుడి పేజీకి వెళ్లి, ఆ భాష అయ్యి, తిరిగి తెలుగుకి రాగానే యంత్రం డబ్బా తెరిచింది. అందులో ఉన్నది అన్నయ్య మాట. అదే బయటికొచ్చింది. "పేరు మార్చాలంటే పుస్తకంలో కాదే, భాషలో మార్చాలి" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కానీ, మా ఇద్దరిలో వినేదాన్నే నేను కాదు.

ప్రింటరు మూలగడం కూడా అంతే. సిరా ఎండిపోకుండా దానంతటదే కడుక్కుంటుంది.

వదినా, ఇంకొకటి రాయక తప్పదు. నిన్న పంతులమ్మగారు ఫోన్ చేశారు. నువ్వు సగానికి సగం చిక్కిపోయావనీ, మొన్న సాయంత్రం మీ ఇంటికి వస్తే రెండు కంచాల్లో అన్నం అలాగే ఎండిపోయి ఉందనీ చెప్పారు. డాక్టరు చెప్పింది నిజం. నువ్వు పిలిచేసరికి అన్నయ్య లేడు. ఇన్నేళ్లు పిలవగానే వచ్చిన మాట, ఆ రోజు కూడా నీ చెవికి అలవాటుగా వచ్చింది. ఎవరూ అనకపోయినా వచ్చింది. దాని కోసం తిండి మానేసి కూర్చుంటే నిన్ను కూడా పోగొట్టుకుంటాను.

ఆ గదికి తాళం వెయ్యి. యంత్రాన్ని మా ప్రెస్సుకి పంపించు, అక్కడే పూర్తి చేస్తాను. నువ్వు వచ్చి నా దగ్గర ఉండు. నాకూ కుంటుతూ వండుకోవడం కష్టంగా ఉంది.

నీ కామా

* * *

జూన్ 25

ఆడపడుచుగారికి,

వంట కోసం మనిషి కావాలంటే పెట్టుకో.

చాలా బాగా చెప్పావు. డబ్బా. ఆయన మాట డబ్బాలోది, నా చెవిలోది కూడా డబ్బాలోదే. ఇంత చదివిన దానివి, నువ్వు చెప్పాక ఇక అనుమానమేముంది. ఆయన పని చేసిన యంత్రాన్ని గదిలోంచి తీసుకుపోయి, గదికి తాళం వేసి, ఆయన మాట తుడిచేస్తే, చూడు వదినా, ఎవరూ లేరుగా అనొచ్చు. నేనేమో ఆయన చెల్లెలికి రాస్తున్నాననుకున్నాను.

పుస్తకం సంఘం వాళ్లది కాబట్టి ఏదో ఒకటి చేసి పంపు. ప్రింటు తీస్తాను. అంతవరకే నా పని.

వదిన

* * *

జూలై 1

వదినకి,

కామా అని రాయలేదు నువ్వు. ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయాను, మిగతాది చాలాసేపటికి చదివాను.

నేను అన్నయ్యని తుడిచెయ్యడానికి చూడలేదు. నువ్వు భయపడుతున్నావనుకున్నాను. నీ మొదటి ఉత్తరంలో కుర్చీలో కూర్చుండిపోయానని రాస్తే, ఆ మాట నిన్ను పీడిస్తోందనీ, తొందరగా తీసేస్తే నీకు నెమ్మదిగా ఉంటుందనీ అనుకున్నాను. అది పోకూడదని నువ్వు కోరుకుంటున్నావని ఇప్పుడు అర్థమవుతోంది. నాకు ముందే ఎందుకు చెప్పలేదు? నేనైనా ఎందుకు అడగలేదో.

సంఘం వాళ్లు నాకు కూడా ఫోన్ చేశారు. ఈగల పెట్టెలు కొన్న రైతులు చదవడానికి ఏమీ లేక ఈగల్ని చంపుకుంటున్నారట. అందుకని తెలుగు డబ్బాలోనే మాట మార్చి ఫైలు పంపుతున్నాను. ఈసారి మారుతుంది. దీన్ని ప్రింటు తియ్యాలా వద్దా అనేది నీ ఇష్టం. తియ్యకపోతే సంఘం వాళ్లకి నేనే ఏదో ఒకటి చెప్పుకుంటాను.

తిను వదినా. ఒక్క పూటైనా.

కామా

* * *

జూలై 6

కామాకి,

తీశాను. అధ్యాయం 1, అధ్యాయం 2, అలా ఆఖరి దాకా. సూచికలో కూడా అధ్యాయం, అధ్యాయం. ఎక్కడా పొరపాటు లేదు. మీ అన్నయ్య చూస్తే నీ వీపు తట్టేవారు.

ఈ కాగితాలు చేతిలో ఉంచుకోవాలనిపించలేదు. వెంటనే పంతులమ్మగారికి ఇచ్చి వచ్చాను. పాతవి మాత్రం బీరువాలో పెట్టుకున్నాను.

ఇంట్లో చప్పుడు లేదు. కుర్చీ కిర్రుమనడం లేదు, ప్రింటరు కూడా ఊరుకుంది. భోజనానికి ఒకసారి పిలిచి చూశాను. ఏమీ రాలేదు. పిలిచినందుకు నాకే సిగ్గేసింది. ఒక కంచం లోపల పెట్టేశాను, రెండోదాని ముందు కూర్చున్నాను కానీ ముద్ద దిగలేదు. ఇంతకుముందు ఆయన వస్తారని ఆకలి ఆపుకునేదాన్ని. ఇప్పుడు ఆకలే లేదు.

నీ మీద కోపం లేదు. అలిసిపోయాను.

మీ వదిన

* * *

జూలై 10

వదినా,

కట్టు ఇంకా తియ్యలేదు, అయినా బయల్దేరుతున్నాను. శనివారానికి అక్కడుంటాను. మెట్లు ఎక్కలేకపోతే వాకిట్లోనే చాప వేసుకుని కూర్చుంటాను, నువ్వు తిన్నాకే లోపలికి వస్తాను. నీ పట్టుదల నీకుంటే మా ఇంటి పట్టుదల నాకూ ఉంది.

నువ్వు పంపిన మొదటి ప్రతిలోంచి సూచిక కాగితం తీసి ఇక్కడ గోడకి అతికించుకున్నాను. దాన్ని చూస్తూ ఏడ్చాను. ఒకరి చేతిలోంచి అంత తేలిగ్గా ఒక మాట ఎలా తీసేశానో తెలియడం లేదు. పని బాగా వచ్చినవాళ్లు చేసే పాపాలు ఇలాగే ఉంటాయేమో.

ఆ మాట మళ్లీ పెట్టమంటే పెడతాను. సంఘం వాళ్లు ఒప్పుకోకపోతే నీ ఒక్కదానికోసమైనా.

కామా

* * *

జూలై 11

కామాకి,

నువ్వు ఈపాటికి ఏదో ఒక పిచ్చి పని చెయ్యడానికి సిద్ధమై ఉంటావు. ఇది నీకు ముందు అందుతుందో, నువ్వే ముందు వస్తావో తెలియదు. వస్తే నీ చేతికే ఇస్తాను. కూర్చుని నిదానంగా చదువు.

ఈ పొద్దున్న పంతులమ్మగారు వచ్చారు. చేతిలో నేనిచ్చిన కాగితాలు. తెలుగువైపు చూడాల్సిన పని ఆవిడకి లేదు, ఆవిడ చూసేది కుడి పేజీలే. ప్రతి అధ్యాయం పైన, కుడివైపు, ఎర్ర సిరాతో సున్న చుట్టారు. నువ్వూ నేనూ అధ్యాయం అనే రాసి ఉంటుందనుకున్నామే, ఆ ఈగ కాళ్లలాంటి రెండు మాటలు, వాటి చుట్టూ. కళ్లజోడు సర్దుకుని అడిగారు.

"మీవారు మా భాషలో ప్రతి అధ్యాయం మీదా 'నువ్వు తినెయ్' అని ఎందుకు పెట్టారమ్మా? నువ్వు తినెయ్ 1, నువ్వు తినెయ్ 2. ఈగలకి చెబుతున్నట్టుంది."

నేను ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పారు. ఆ భాషలోనూ చదివారు. వినడానికి చాలా మెత్తగా ఉంది.

ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. వేసవి మొదట్లో ఈయన వాళ్ల గేటు దగ్గర ఆగి, మీ భాషలో ఇంటావిడతో నువ్వు తినెయ్ అనాలంటే ఎలా అంటారు అని అడిగారట. కాగితం మీద రాయించుకున్నారట. కొత్త భాష నేర్చుకునేవాళ్లు ఎలా ఉన్నారు అనే మాటతో మొదలుపెడతారు, ఈయనేమిటి ఇలా అని ఆవిడ నవ్వుకున్నారట.

ఆవిడ వెళ్లాక బీరువాలోంచి పాత కాగితాలు తీశాను. బల్ల మీద రెండేసి పేజీలు పక్కపక్కన పెట్టాను, పుస్తకం తెరిస్తే ఎలా ఉంటుందో అలా. ఎడమవైపు వస్తున్నా. కుడివైపు నువ్వు తినెయ్. మొదటి కాగితం వచ్చిన రోజు నుంచీ అది నా కళ్ల ముందే ఉంది. ఎడమ పేజీ ఒక్కటే పట్టుకుని వేలాడాను. ఇక్కడ కూడా నేను రెండో ముక్క వినిపించుకోలేదు చూశావా.

నువ్వేమంటావో తెలుసు. అది నా కోసం రాసింది కాదు, ఆయన అలవాటు, రెండు డబ్బాలకి రెండు అడ్డదిడ్డం మాటలు కావాలి, నోటికొచ్చినవి వేశాడు అంటావు. అవును, అలవాటే. ఆయన నోటికి ఏమీ తోచనప్పుడు వచ్చిన మాట అదన్నమాట. నాకు అది చాలు. ఆ రోజు మధ్యాహ్నం నేను విన్నది ఏమిటో నాకు తెలియదు. ఇక ఎవరితోనూ వాదించను. నిజంగా విన్నాననే అనుకుంటాను, నువ్వు తల ఊపకు.

పుస్తకంలో అధ్యాయం అనే ఉండనీ. అది సంఘం వాళ్ల పుస్తకం, మా ఇంటి మాటలు రైతులకెందుకు. ఆ భాషలో అధ్యాయాన్ని ఏమంటారో పంతులమ్మగారు ఒక కాగితం మీద రాసిచ్చారు, ఇందులో పెట్టాను. కుడి డబ్బాలో అది వెయ్యి. అచ్చుకి పంపు. కానీ పాత ఫైలు చెరపకు. దాన్నొక్క ప్రతి కుట్టించి నాకియ్యి.

ఇది రాసేముందు మధ్యాహ్నం ఒక కంచం పెట్టుకుని కూర్చున్నాను. ఆయన్ని పిలవలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే గదిలో కుర్చీ కిర్రుమంది, ఎవరో లేచినట్టు. లేచి వెళ్లి చూడాలనిపించింది.

వెళ్లలేదు. వేడిగా ఉండగానే తినేశాను.

మీ వదిన